బండి రేటు తగ్గింది సరే.. ఏ ట్రాలీ కొనాలి? జనగామ, మానుకోట, భూపాలపల్లిలో లెక్కే వేరు!

సరకు రవాణా బండ్లపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పాత పన్నుతో కలిపి 8 లక్షలున్న బండి మీద కంపెనీ తగ్గింపు మొత్తం ఇస్తే 62,500 రూపాయలు మిగులుతాయి. కిస్తీల్లో బతికే కుటుంబానికి ఇది చిన్న మొత్తమేం కాదు. దాంతో ఊళ్లలో పాత ప్రశ్నే మళ్లీ ముందుకొచ్చింది. టాటా ఏస్ తీసుకోవాలా, బొలెరో పికప్పా, అశోక్ లేలాండ్ దోస్తా? ఏది రోజూ తిప్పడానికి హాయి, ఏది పదేళ్లు నిలబడుతుంది?

అమెరికాలో ఇదే ప్రశ్న వేరేలా ఉంటుంది. అక్కడ ఫోర్డ్ ఎఫ్ సిరీస్ పికప్ దశాబ్దాలుగా జనం ఎక్కువగా కొనే బండ్లలో ఒకటి. పిల్లల్ని బడికి దింపేదీ దాంట్లోనే, వీకెండ్‌కి పడవ లాగేదీ దాంతోనే. మన దగ్గర ఆ తరహా బండ్లు లేవని కాదు. టయోటా హైలక్స్ 2022లో వచ్చింది. ఇసుజు వీ-క్రాస్ అంతకన్నా ముందు నుంచే ఉంది. కానీ 20, 30 లక్షలు పోసి కొనే ఆ బండ్లకూ, మార్కెట్ యార్డు గేటు దగ్గర కిరాయి కోసం నిలబడే పసుపు నంబర్ ప్లేట్ బండికీ సంబంధం లేదు. ఇక్కడ పికప్ అంటే ఒక ఇంటి జీతం.

పేర్ల సంగతి కూడా ఓసారి చూడాలి. తెలంగాణలో చిన్న గూడ్స్ బండి ఏదైనా ట్రాలీయే. కాస్త పెద్దదైతే డీసీఎం. ఆ డీసీఎం అనేది 1980ల్లో టయోటాతో కలిసి లారీలు తయారు చేసిన కంపెనీ పేరు. కంపెనీ పోయి ముప్పై ఏళ్లు దాటినా పేరు మాత్రం ఐషర్ బండికీ, మజ్దా బండికీ అతుక్కుని అలాగే ఉండిపోయింది. బ్రాండ్ అంటే జనంలో ఎంత గట్టిగా పాతుకుపోతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. కొనేటప్పుడు ముంచేది కూడా ఆ నమ్మకమే. పక్కింటి అన్నకు కలిసొచ్చిన బండి మనకూ కలిసిరావాలని రూలేం లేదు.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి.. మూడూ 2016 అక్టోబర్ 11న పుట్టిన జిల్లాలే. రిజిస్ట్రేషన్ నంబర్లు కూడా వరుసగా టీజీ 27, 26, 25. కానీ రోడ్లు ఒకటి కాదు, లోడ్లు ఒకటి కాదు.

ముందు జనగామ. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లే 163 నంబర్ జాతీయ రహదారి మీదుంది. రాజధానికి సుమారు 85 కిలోమీటర్లు. ఇక్కడి బండి రోజూ పాలో, కూరగాయలో, కిరాణా సామానో వేసుకుని నాలుగు వరుసల రోడ్డు మీద పరుగెత్తాలి. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాంట్లో ఉన్నది రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజిన్, 16 హార్స్ పవర్. పట్నం గల్లీల్లో మూడు చక్రాల ఆటోకి బదులుగా తెచ్చిన బండి అది. ఛోటా హాథీ అని దేశమంతా పిలుచుకుంది. ఆ పనికి దాన్ని మించింది లేదు. కానీ నిండా లోడుతో రోజూ 170 కిలోమీటర్ల హైవే అంటే చిన్న ఇంజిన్‌కి ఊపిరాడదు. అలాంటి రూటుకి మూడు, నాలుగు సిలిండర్ల బండి, అంటే ఇంట్రా వీ30, దోస్త్, బొలెరో లాంటివి తీసుకోవడమే మంచిది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. అదే టోల్. జనగామ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో బీబీనగర్ దగ్గర గూడూరు టోల్‌ప్లాజా, వరంగల్ వైపు వెళ్తే రఘునాథపల్లి మండలంలో కోమళ్ల టోల్‌ప్లాజా తగులుతాయి. ఫాస్టాగ్ వర్గీకరణలో టాటా ఏస్, దాన్ని పోలిన మినీ బండ్లు కారు, జీపుల వరుసలోనే ఉంటాయి. అంతకన్నా పెద్ద పికప్‌లు లైట్ కమర్షియల్ వాహనాల కింద ఎక్కువ కట్టాలి. 2025 ఆగస్టు 15న వచ్చిన 3 వేల రూపాయల ఏడాది పాస్ సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. పసుపు ప్లేటుకి అది వర్తించదు. షోరూంలో మైలేజీ గురించి అరగంట మాట్లాడేవాళ్లు ఈ టోల్ తేడా గురించి ఒక్క ముక్క చెప్పరు. రోజూ గేటు దాటే బండికి ఇది డీజిల్ ఖర్చుతో సమానంగా చూసుకోవాల్సిన లెక్క.

ఇక మానుకోట. ఇక్కడ అసలు కథ లోడుది. కేసముద్రం మార్కెట్‌కి మిర్చి, మక్కలు, పసుపు, వడ్లు వస్తాయి. పెద్ద లోడైతే వరంగల్ ఎనుమాముల దాకా పోవాలి. వడ్లు బరువు, మిర్చి బారు. 40 కిలోల వడ్ల బస్తాలు 32 వేస్తే 1,280 కిలోలు, అంటే 1.3 టన్నుల పికప్ నిండినట్టే. అదే 750 కిలోల మినీ బండిలో 18 బస్తాలకే సరి. మిర్చి, పత్తి సంగతి వేరు. బరువు పూర్తి కాకముందే తొట్టి నిండిపోతుంది. కాబట్టి ఎక్కువగా మిర్చి, పత్తి వేసేవాళ్లు టన్నులు కాకుండా తొట్టి పొడుగు కొలుచుకోవాలి. ఇంజిన్ గొప్పదని ఎక్కువ పెట్టి కొని, తొట్టి పొట్టిదై రెండు ట్రిప్పులు తిరిగితే లాభం డీజిల్‌కే పోతుంది.

అందరూ చేసే పని ఇంకోటుంది. 32 బస్తాల బండిలో 50 వేస్తారు. అంటే 2 టన్నులు. బొలెరో మీద మోజుకి సగం కారణం ఇదే. కింద కమాన్ కట్టలు గట్టివి, 2.5 లీటర్ల ఇంజిన్, అరిగినా ఏ మెకానిక్ అయినా విప్పి బిగిస్తాడన్న ధైర్యం. 2023లో వచ్చిన బొలెరో మ్యాక్స్ పికప్‌లో కంపెనీయే 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా రకాలు పెట్టింది. ఎక్కువ లోడే వేసేవాళ్లు చిన్న రకం కొని దాన్ని చంపుకోవడం కన్నా పెద్ద రకమే తీసుకోవడం నయం. కానీ అక్కడ కూడా ఓ గీత ఉంది. బండి, లోడు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66 ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. కేంద్ర చట్టంలో ఓవర్‌లోడ్ జరిమానా 20 వేలతో మొదలవుతుంది. ఆపై ప్రతి అదనపు టన్నుకి 2 వేలు.

గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు తండాలు, గూడేల దారులు తెలిసినవాళ్లకి గ్రౌండ్ క్లియరెన్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్ 1 వానకి ఆకేరు పొంగి మరిపెడ మండలం ముంపునకు గురైంది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. అలాంటి ఏడాదిలో చిన్న చక్రాల మినీ ట్రక్కు నెలల తరబడి గుంతల్లోనే నడుస్తుంది. 12 అంగుళాల చక్రం పడే గుంతలో 15 అంగుళాల చక్రం దాటిపోతుంది. టైరు, బేరింగు, ఛాసిస్ ఆయుష్షు తేలేది ఇక్కడే.

భూపాలపల్లిది ఇంకో రకం కష్టం. సింగరేణి ఓపెన్‌కాస్టులు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు. పరకాల నుంచి కాళేశ్వరం మీదుగా మహారాష్ట్రలోని సిరోంచ వైపు పోయే 353సీ రహదారి మీద చిన్న బండి ఎప్పుడూ పెద్ద లారీ లేపే దుమ్ములోనే పోతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఎయిర్ ఫిల్టర్ ఆగదు. 2023 జులై 27న మోరంచవాగు ఊరిని ముంచినప్పుడు మోరంచపల్లి జనాన్ని హెలికాప్టర్లతో కాపాడాల్సి వచ్చింది. అలాంటి నీళ్లలో ఒకసారి మునిగిన బండి బయటికి బాగానే కనిపిస్తుంది. వైరింగ్ మాత్రం ఏడాది తర్వాత మొరాయిస్తుంది. ఈ ప్రాంతంలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు సీటు కింద, ఫ్యూజు బాక్సు దగ్గర మట్టి గీత ఉందేమో చూసుకున్నాకే బేరం మొదలెట్టాలి.

గనుల కాంట్రాక్టు పనులకి రెండు వరుసల సీట్ల బొలెరో క్యాంపర్‌కి గిరాకీ ఉంది. మనుషులూ ఎక్కాలి, సామానూ పట్టాలి కాబట్టి. గట్టిదనం ఒక్కటే కావాలంటే ఇసుజు డీ-మ్యాక్స్ కూడా లిస్టులో ఉండాల్సిందే. పైగా అది 2016 నుంచి మన పక్కనే శ్రీసిటీలో తయారవుతోంది. కాకపోతే సర్వీసు సెంటర్లు టాటా, మహీంద్రాలతో పోలిస్తే తక్కువ. చాలా కంపెనీల పెద్ద వర్క్‌షాపులు హనుమకొండ, వరంగల్ వైపే ఉంటాయి. భూపాలపల్లిలో బండి ఆగితే లాక్కుని అంత దూరం పోవాలి. రెండ్రోజులు కిరాయి పోవడం, లాగే ఖర్చు.. రిపేరు బిల్లు కన్నా ఇవే ఎక్కువవుతాయి. పార్టు ఎంత గట్టిదన్నది ఒక ప్రశ్న, పోతే సాయంత్రానికి దొరుకుతుందా అన్నది రెండోది. ఈ జిల్లాలో రెండోదే పెద్ద ప్రశ్న.

గట్టిదనం గురించి మాట్లాడేవాళ్లు 2020 ఏప్రిల్ తర్వాత మారిన విషయం ఒకటి మర్చిపోతున్నారు. బీఎస్-6 వచ్చాక డీజిల్ బండి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ చేరింది. ఇంజిన్ బాగా వేడెక్కి కొంతదూరం ఆగకుండా పరుగెత్తితే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. రోజంతా మూడు కిలోమీటర్లు పోవడం, ఆపడం, మళ్లీ పోవడం అయితే మసి పేరుకుపోయి లైటు వెలుగుతుంది. అప్పుడు ఊరి మెకానిక్ పానా పనికిరాదు, స్కానర్ కావాలి. అంటే జనగామ హైవే బండికి డీజిల్ కలిసొస్తుంది. ఊళ్లోనే గ్యాస్ సిలిండర్లో, నీళ్ల క్యాన్లో వేసే బండికి పెట్రోల్ మినీ ట్రక్కే సుఖం. మారుతి సూపర్ క్యారీ, ఏస్ పెట్రోల్ రకాలు ఉన్నది దాని కోసమే. సీఎన్జీ చౌకే కానీ, రోజూ తిరిగే దారిలో బంకు ఉందో లేదో చూసుకోకుండా కొంటే క్యూలోనే పొద్దు గడుస్తుంది. పాత బీఎస్-4 బండ్లకి ఇప్పటికీ గిరాకీ తగ్గకపోవడానికి కారణం ఈ డీపీఎఫ్ భయమే. అయితే ఎనిమిదేళ్లు దాటిన కమర్షియల్ బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి కాదు, ఏటా చేయించాలి.

డబ్బు లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. 7 లక్షల అప్పు, ఐదేళ్లు, 11 శాతం వడ్డీ అనుకుంటే నెల కిస్తీ 15,200 దాకా పడుతుంది. ఏడాదికి 1 లక్షా 82 వేలు. పంట సీజన్ల మీద ఆధారపడ్డ బండి ఏడాదిలో 200 రోజులే తిరిగితే, ఒక్కో పని రోజు మీద కిస్తీకే 910 రూపాయలు పక్కన పెట్టాలి. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్స్ దీనికి అదనం. ఈ అంకె ముందు లీటరుకి ఒకటి రెండు కిలోమీటర్ల మైలేజీ తేడా చిన్నదే. 365 రోజులూ పని ఉన్న మినీ బండి, సగం రోజులు ఖాళీగా నిలబడే పెద్ద పికప్ కన్నా ఇంటికి ఎక్కువ తెస్తుంది. పెద్ద బండి ఉంటే పరువు అనుకునేవాళ్లకి ఈ మాట రుచించదు.

డ్రైవర్ లైసెన్స్ విషయంలో మాత్రం ఊరట ఉంది. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చింది. ప్రమాదం జరిగితే లైసెన్స్ సాకుతో బీమా ఎగ్గొట్టే దారి చాలావరకు మూసుకుపోయింది.

మూసుకుపోనిది ఇంకో దారి ఉంది. మిర్చి ఏరే కాలంలో ఇవే ట్రాలీల్లో కూలీలు నిలబడి ప్రయాణం చేస్తారు. సరకు బండి తొట్టిలో ఎక్కిన మనుషులకి మామూలు పాలసీలో రక్షణ ఉండదు. సరకు యజమాని, లేదా అతని తరఫున వచ్చిన మనిషి మాత్రమే మినహాయింపు. 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. బండి బోల్తా పడితే పరిహారం భారం కిస్తీలు కట్టే ఓనర్ మీదే పడే ప్రమాదం ఉంది. అడ్డా మీద నుంచి పొలానికి బస్సు ఉండదు, ఆటోలో అందరూ పట్టరు, కూలీలకు వేరే దారి లేదు. నిజమే. అందుకే ఏ కంపెనీ బండి గట్టిదని అడిగే ఓనర్, తొట్టిలో ఎవర్ని ఎక్కించుకుంటున్నాడో కూడా తన పాలసీ కాగితంలో చదువుకోవాలి.

ప్రభుత్వ సాయంతో కొందామనుకునేవాళ్ల పరిస్థితి అటూ ఇటూ కాకుండా ఉంది. 2021లో మొదలైన దళితబంధులో యూనిట్ 10 లక్షలు. పికప్ కూడా అందులో వచ్చేది, చాలామంది బండ్లే ఎంచుకున్నారు. ఒకే ఊళ్లో ఒకేసారి చాలా బండ్లు దిగితే కిరాయి ఎక్కడిదన్న మాట అప్పుడే వినిపించింది. రాజీవ్ యువ వికాసంలో గరిష్ఠ యూనిట్ 4 లక్షలే. 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రోని 3 లక్షల 99 వేలకు తెచ్చింది. జీఎస్టీ తగ్గాక ఆ ధర ఇంకాస్త దిగినా ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపితే హద్దు దగ్గరే తచ్చాడుతుంది. బొలెరో, దోస్త్ అయితే ఆ హద్దులో పట్టనే పట్టవు. ఆ పథకం మంజూరు పత్రాలు 2025 జూన్ 2న ఇస్తామని చెప్పి, ఆ తర్వాత వాయిదా వేశారు.