పన్ను మిగిలింది... పోపుల డబ్బాలో పడిందా?

కిందటి వారం ఒక పెళ్లిలో పక్కన కూర్చున్న అమ్మాయి "అక్కా, మీరు ఫోటోలు బాగా తీస్తారంట కదా! కెమెరాకి డబ్బులు మీ ఆయన ఇస్తారా?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. చీరకు డబ్బు అడిగితే ఇంట్లో ఎవరూ వింతగా చూడరు. గ్రైండరు పాడైందంటే మారు మాట్లాడరు. కెమెరా అంటే మాత్రం "ఈ వయసులో నీకదెందుకే?" అంటారు.

అందుకే ఈ వారం కెమెరా డబ్బు సంగతీ, దానితో ముడిపడ్డ ఆదాయపు పన్ను సంగతీ చెప్పుకుందాం. పన్ను అనగానే పేజీ తిప్పెయ్యకండి. కూడికలూ తీసివేతలూ వస్తే చాలు.

నా దగ్గర ఉన్నది మా మరిది వాడి వదిలేసిన పాత కెమెరా. ఇంట్లో పిల్లల్నీ, వాకిట్లో ముగ్గునీ తీయడానికి బాగానే ఉంటుంది. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా పెయింటెడ్ స్టార్క్ కొంగలు వస్తాయి కదా. ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేసుకుంటాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా అనిపిస్తాయి నాకు. మేము వెళ్లినప్పుడు నా కెమెరాలో అవి చెట్టు మీద అతికించిన తెల్లకాగితం ముక్కల్లా పడ్డాయి. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు కావాలి. ఆ లెన్సు ఈ కెమెరాకి పట్టదు. అదీ నా కోరిక.

ఇంతకు ముందు ఒకసారి కూడబెట్టాను. మూడేళ్ల కిందట చెనిక్కాయ చేను ఎండిపోతుంటే ఆ డబ్బు బోరుకు పోయింది. రాళ్లపొడి తప్ప చుక్క నీళ్లు పడలేదు. మనది అనంతపురం సీమ. చేను ఎండుతుంటే కెమెరా పట్టుకుని కూర్చునే ఆడది ఎవరుంటారు? నేనే తీసి ఇచ్చాను. అయితే పేరు లేని డబ్బు మన ఇళ్లల్లో నిలవదని అప్పుడే తెలిసింది.

ఇక లెక్కకు వద్దాం. మావారిది నెల జీతం. ఏడాదికి 9 లక్షల 50 వేలు అనుకోండి. పన్నుకు కొత్త పద్ధతే ఎంచుకున్నారు. 2024-25లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా 8 లక్షల 75 వేల మీద పన్ను పడింది. మొదటి 3 లక్షలకు ఏమీ లేదు. ఆ పైన 7 లక్షల దాకా 5 శాతం, అంటే 20 వేలు. మిగిలిన లక్షా 75 వేలకు 10 శాతం, అంటే 17,500. దాని మీద 4 శాతం సెస్సు 1,500. మొత్తం 39 వేలు. నెలకు 3,250 రూపాయలు, మా చేతికి రాకముందే ఆఫీసులోనే కోసేవాళ్లు.

2025 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేకుండా రిబేటు ఇచ్చారు. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12 లక్షల 75 వేలు. అంటే 2025-26లో మాకు కోత సున్నా. ఏప్రిల్ నుంచి నెలకు 3,250 ఎక్కువగా ఇంటికొచ్చింది.

వచ్చిందా? వచ్చింది. కనబడిందా? లేదు! దసరాకు పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే గానీ నాకు తెలియలేదు. ఫోన్ రీచార్జీలు, పెట్రోలు, పిల్లలు బయట తిన్న తిండి... ఆరు నెలల్లో 19,500 ఇల్లు మింగేసింది. ఒక్కరికీ ఫలానాది కొన్నామన్న సంతోషం లేదు. మరి కోత ఉన్నప్పుడు ఈ డబ్బు లేకుండానే ఇల్లు గడిచింది కదా? చేతికి రాని డబ్బు ఖర్చు కాదు. ఈ పాఠం నేర్పింది ఆదాయపు పన్నే!

సరే, కెమెరాకు ఎంత కావాలి? లెన్సుతో కలిపి 60 వేలు అనుకుందాం. అందులో జీఎస్టీ 18 శాతం చొప్పున సుమారు 9,150 ఉంటుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు డిజిటల్ కెమెరాకు 28 శాతం ఉండేది. 2019 జనవరి 1 నుంచి 18కి దించారు. లేకపోతే ఇదే కెమెరా 65 వేలు దాటేది. ఇది కొనేటప్పుడు కట్టే పన్ను. సంపాదించేటప్పుడు కట్టేది వేరే. పాత పద్ధతిలో 20 శాతం మెట్టులో ఉన్నవాళ్లు సెస్సుతో కలిపి 20.8 శాతం కడతారు. అంటే 60 వేలు చేతిలో మిగలాలంటే సుమారు 75,750 సంపాదించాలి. అందుకే సరదా ఖర్చును మొత్తం జీతం చూసి కాదు, చేతికొచ్చే జీతం చూసి వేసుకోవాలి.

నేను చేసింది ఇదీ. ఆ 3,250ని రెండుగా విడగొట్టాను. జీతం పడిన మర్నాడే 2,000 కెమెరా పేరున రికరింగ్ డిపాజిట్‌కు, 1,250 చేను పేరున వేరే ఖాతాకు. రెండున్నరేళ్లకు 60 వేలు అవుతుంది. వడ్డీ వస్తే మెమరీ కార్డుకూ, సంచికీ సరిపోతుంది.

ఈమధ్య చేనికి మందులు కొట్టాల్సి వచ్చింది. చేను ఖాతా ఖాళీ అయింది. మావారు మెల్లిగా "ఆ రెండు వేలు కూడా ఒక నాలుగు నెలలు ఆపుదామా?" అన్నారు. నాకు పాత బోరు కళ్లముందు కనిపించింది. "ఏమండీ, ఆ 3,250 ఆఫీసులో కోస్తున్నప్పుడు చేను పేరు చెప్పి ఎప్పుడైనా ఆపించగలిగామా?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నిజమేలే" అని నవ్వారు. మందుల డబ్బు వేరేచోట సర్దుకున్నాం. కెమెరా డిపాజిట్ ఆగలేదు.

చాలామంది అడిగే సందేహాలు కొన్ని:

* సరదాకు కొన్న కెమెరాను చూపి జీతం మీద పన్ను తగ్గించుకోవడం కుదరదు. ఫోటోలు తీసి నిజంగా సంపాదిస్తుంటే మాత్రం ఆ సంపాదనలో కెమెరాకు ఏటా 15 శాతం తరుగుదల చూపుకోవచ్చు. సీమంతాలకూ పుట్టినరోజులకూ మీరు తీసి తెచ్చుకునే డబ్బు మీ ఆదాయమే, మీవారిది కాదు.

* సొంతానికి వాడుకున్న పాత కెమెరాను అమ్మితే ఆ డబ్బు మీద పన్ను లేదు. బంగారానికి ఈ వెసులుబాటు లేదు సుమా!

* భర్త భార్యకు ఇచ్చిన డబ్బు మీద భార్యకు పన్ను పడదు. అయితే ఆ డబ్బును ఆమె పేరున డిపాజిట్ వేస్తే, వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు.

* చేను మీద వచ్చే ఆదాయానికి కేంద్రం పన్ను వేయదు. అలాగని కరువులో చేను మీద పోయిన డబ్బును జీతంలో తగ్గించి చూపడానికీ లేదు.

* ఫిబ్రవరిలో "పన్ను మిగులుతుంది" అని పాలసీ అంటగట్టేవాళ్లు వస్తారు. కొత్త పద్ధతిలో 80సీ మినహాయింపు లేదు. పాత పద్ధతిలో ఉన్నవాళ్లు ఆధారాలు ఆలస్యంగా ఇస్తే చివరి నెలల జీతంలో పెద్ద కోత పడుతుంది. ఆ నెలల్లో వాయిదాల మీద ఏదీ కొనకండి.

పన్ను లెక్కలు ఏ బడ్జెట్‌లోనైనా మారొచ్చు. ఏప్రిల్ జీతం స్లిప్పు అడిగి చూడండి. ఎంత తగ్గిందో, ఎంత పెరిగిందో రాసుకోండి. మిగిలిన దానికి మీరే ముందు ఒక పేరు పెట్టండి. కెమెరా కావచ్చు, కుట్టుమిషను కావచ్చు, వీణ కావచ్చు. పేరు పెట్టకపోతే పోపుల డబ్బాలో కూడా మిగలదు.

నా కెమెరా ఇంకా రాలేదు. వీరాపురం కొంగలు ఏటా వస్తాయి కదా, వాటికేం తొందర? నాకూ లేదు. డిపాజిట్ పుస్తకంలో నెలనెలా ఒక వరుస పెరుగుతోంది. ఈసారి పెళ్లిలో ఎవరైనా అడిగితే చెప్తాను, "మా ఆయన ఇవ్వడం లేదమ్మా, మా ఇంటి పద్దు ఇస్తోంది" అని. ఏమంటారు?