నిద్ర మాత్రలతో తీరేదేనా ఈ బాధ?

"నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా?" అని డాక్టరు అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మాత్రలు రాసిచ్చాడు. కులం పేరుతో కొట్టినవాళ్ళ మీద ఆమె పెట్టిన కేసు మరో వారంలో వాయిదాకు వస్తోంది. రాజీకి రమ్మని రాత్రిళ్ళు ఇంటి ముందు కేకలు. ఇవేవీ ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. తోడు వెళ్ళిన నన్ను బయటే ఉండమన్నారు. అడగడం తెలిసిన సోషల్ వర్కరు పక్క గదిలో కార్డులు సర్దుతోంది.

తిరుగు బస్సులో నాకు కారంచేడే గుర్తొచ్చింది. 1985 జూలైలో, తాము తాగే చెరువు నీళ్ళు మురికి చేయొద్దన్నందుకు సువార్త మీదికి వచ్చారు. ఆమె బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు, 17న, మాదిగవాడ మీద పడి ఆరుగురిని చంపారు. స్త్రీలపై అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు ఊరు విడిచి చీరాల చేరారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. ఆ ఇరవైమూడేళ్ళ నిద్రలేని రాత్రులకు ఏ జబ్బు పేరు పెడదాం?

మాత్రలు వద్దనడం లేదు. అవసరమైనవాళ్ళకు అవి అందాల్సిందే. కానీ భయానికి కారణం వీధిలో తిరుగుతుంటే, మందు ఒంట్లోకి మాత్రమే వేస్తే చాలుతుందా?

"డాక్టర్లకు రాజకీయాలెందుకు?" అంటారు కొందరు. కులం అడగకపోవడం రాజకీయం కాదా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులవివక్ష లేని వైద్యం హక్కు అంది. సిబ్బందిని తయారుచేయడానికి విద్య, శిక్షణ ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత అంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు కలిసి పనిచేయాలి. వేర్వేరు గదుల్లో చదివి, ఒకరి మాట ఒకరు వినడం ఎన్నడూ నేర్వనివాళ్ళు ఉద్యోగంలో చేరగానే ఎలా కలుస్తారు?

అందుకే మనం అడగాల్సింది ఇదీ: ఈ నలుగురూ చదువుకునేటప్పుడే ఒక కేసును కలిసి పరిశీలించాలి. అట్రాసిటీ చట్టం, సాక్షులకు రావలసిన ప్రయాణ ఖర్చులు, రక్షణ గురించి లాయరు వాళ్ళకు పాఠం చెప్పాలి. కొన్నాళ్ళు వాడలోనూ, కోర్టు వరండాలోనూ గడపాలి. సోషల్ వర్కరు రాసినది డాక్టరు చదివి తీరాలి. కేసు నడిపిన స్త్రీలను బోధకులుగా పిలవాలి, వాళ్ళకు గౌరవ వేతనం ఇవ్వాలి.

ఆమె వాయిదా రోజు మళ్ళీ వస్తుంది. ఆ రోజు ఆమె చేతిలో మందుచీటీ ఒక్కటే ఉంటే, ఆమెను మనమందరం ఒంటరిగా వదిలేసినట్టే.