దొరలు ఉరికే దారి మన పొలాల మీదుగనే!

లోకం కూలిపోతే ఎట్ల బతకాలె? ఈ రంది ఇప్పుడు కోట్లకు పడగెత్తినవాళ్లకు పట్టుకుంది. అమెరికాలోని కాన్సాస్‌లో పాత క్షిపణి గొయ్యిలో అంతస్తుల కొద్దీ ఇళ్లు కట్టి ధనవంతులకు అమ్మారు. పీటర్ థీల్ అనే కోటీశ్వరుడు 2011లోనే న్యూజిలాండ్ పౌరసత్వం సంపాదించి పెట్టుకున్నాడు.

మనకిది కొత్త కథ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో జనం తిరగబడితే దేశ్‌ముఖ్‌లు గడీలు విడిచి పట్నం ఉరికారు. 1948 సెప్టెంబర్‌లో నిజాం సర్కారు కూలేవేళ పది లక్షల పౌండ్లు లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారాయి. ఆ సొమ్ము ఎవరిదని 2019 దాకా కోర్టులో కొట్లాడారు. చెమట ఇక్కడిది, దాచింది లండన్‌లో!

ఇప్పటి గడీలు శంషాబాద్ చుట్టూ లేస్తున్నయి. ఎత్తు గోడ, గేటు, కెమెరా, సొంత బోరు, సొంత జనరేటరు. పక్కనే 2008లో తెరిచిన విమానాశ్రయం. దాని కింద దాదాపు 5,500 ఎకరాలు పోయాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెడితే వలసకూలీలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల వెంట నడిచారు. 2021 ఏప్రిల్‌లో కరోనా కమ్ముకుంటే డబ్బున్నోళ్లు ప్రైవేటు విమానాలు మాట్లాడుకుని దుబాయి చేరారు. 2020 అక్టోబర్ వానకు గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగి ఇళ్లూ మనుషులూ కొట్టుకుపోయారు. విమానాశ్రయం దారిలోనే ఉంది గగన్‌పహాడ్!

1908 మూసీ వరద తర్వాత పట్నాన్ని కాపాడేందుకు కట్టినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. వాటి కోసం 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేస్తూ 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో 69 జీవోతో ఆ కళ్లెం వదులు చేశారు. ముంపు తెచ్చేది వాళ్లే, ముందుగా పడవ ఎక్కేదీ వాళ్లే!

డగ్లస్ రష్కాఫ్ అనే అమెరికా రచయితను కొందరు కోటీశ్వరులు ఒక సంగతి అడిగారట. అంతా కూలి, పైసకు విలువ పోయినంక కాపలావాళ్లు తమ మాట వినేదెట్ల అని. భయం అక్కడుంది! గేటు దగ్గర నిలబడేదెవరు? అంట్లు తోమేదెవరు? మోరీలో దిగేదెవరు? మన వాడ బిడ్డలే. గోడ లోపలి బతుకంతా గోడ బయటి చేతుల మీదనే నిలబడ్డది.

లోకం కూలుడంటే మాకు కొత్తగా చెప్పాలా? ఊరిబావి ముట్టనీయని నాడే మా లోకం కూలింది. అయినా బతికినం, ఒకరికొకరం ఉండి బతికినం. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువుకు నడిచింది తానొక్కడు తప్పించుకునేందుకు కాదు, వేలమందితో కలిసి నీళ్లు తాగేందుకు.

కార్యకర్తలారా! వాడవాడలా పాత పట్టా కాయితాలు బయటికి తీయించండి. అసైన్డ్ భూమి కొనుడు, అమ్ముడు చెల్లదని 1977 చట్టం చెప్తున్నది. ఎవరి భూమి ఎవరి గోడ లోపల చిక్కిందో సర్వే నంబరుతో సహా రాయండి. ఏ చెరువు శిఖం ఎవరు పూడ్చారో రాయండి. ఆ జాబితా పట్టుకుని తహసీల్దారు ఆఫీసు ముందర కూచుందాం.

వాళ్లకు ఎగిరిపోయేందుకు విమానముంది. మనం యాడికీ పోం. పోనివాళ్లదే ఈ నేల!

జై భీమ్!