అన్నీ ఆయనే చూసుకుంటారు!

పేరంటాల్లోనూ పెళ్ళిళ్ళలోనూ మన ఆడవాళ్ళ నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "డబ్బు సంగతులు నాకేం తెలీవండీ, అన్నీ ఆయనే చూసుకుంటారు." ఈ మాట అనేటప్పుడు వాళ్ళ ముఖంలో సిగ్గు లేకపోగా, కొత్త పట్టుచీర కట్టుకున్నంత దర్జా వుంటుంది. విన్నవాళ్ళు కూడా "అదృష్టవంతురాలివమ్మా!" అంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. వంట రాదని చెప్పుకోడానికి నామోషీ పడే మనం, బాంకు పుస్తకం చూడ్డం రాదని చెప్పుకోడానికి ఎందుకు గర్వపడాలి?

చూసుకుంటారు, నిజమే. కాని ఎంతకాలం? మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఆయువు మగవాళ్ళకంటె రెండు మూడేళ్ళు ఎక్కువ. దానికితోడు పెళ్ళికొడుకు పెళ్ళికూతురుకంటె నాలుగైదేళ్ళు పెద్దవాడై వుండాలని మనమే ఏరి కోరి చూస్తాం. ఈ రెండూ కలిపి చూడండి. దీర్ఘసుమంగళీభవ అని ఎంతమంది దీవించినా, మనలో చాలామందికి ఆఖరి ఆరేడేళ్ళు చూసుకునే ఆ "ఆయన" వుండరు. అశుభం పలుకుతున్నానని కోప్పడకండి. ఇది శాపం కాదు, కూడిక.

"అందుకేగా పోపులడబ్బాలో దాచుకుంటున్నాం" అంటారు. అయ్యో, ఆ పోపులడబ్బా! దాన్ని పొగిడి పొగిడి మనల్ని చెడగొట్టారు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్నారు. ఇంకేముంది? ఆవాలకింద, మెంతులకింద, చీరమడతల్లో దాక్కున్న నోట్లన్నీ బయటికొచ్చి, ఆయనగారి చేతిలో పడి, ఆయనగారి ఖాతాలోకి వెళ్ళిపోయాయి. ఎందుకంటే చాలామందికి తామే నడుపుకునే ఖాతా అంటూ లేదు. "డబ్బు పోయినందుకు కాదమ్మా, ఇన్నాళ్ళూ దొంగలా దాచావా అని మావారు నలుగురిలో నవ్వారే, అందుకు ఏడుపొచ్చింది" అని ఒక పెద్దావిడ నాతో అన్నారు. తన కష్టంలోంచి మిగుల్చుకున్నది దొంగసొత్తయింది పాపం!

నోట్లు రద్దు కాకపోయినా ధరలు వాటిని తినేస్తాయి. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగితే పన్నెండేళ్ళకల్లా రెట్టింపవుతాయి. అంటే ఈవేళ నెలకు 30 వేలతో నడిచే సంసారానికి ఇరవైనాలుగేళ్ళ తరవాత లక్షా ఇరవై వేలు కావాలి. మెంతులు పాతిపెడితే మొలకెత్తుతాయి గాని, మెంతులకింది నోటు మొలకెత్తదు కదా!

"బంగారం వుందిగా" అంటారు ఇంకొందరు. స్త్రీధనం ఆడదానిదేననీ, అత్తవారి చేతుల్లో వుంచినంతమాత్రాన వాళ్ళది కాదనీ సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టంగా చెప్పింది. బాగానే వుంది. కాని లాకరు ఎవరి పేరున వుంది? తాళంచెవి ఎవరి బీరువాలో వుంది? పైగా ఆ నగ సగం కూతురి పెళ్ళికీ, మిగతా సగం కోడలికీ అని మనమే పదేళ్ళ ముందునించీ పంచేసి కూచుంటాం. మందుల షాపువాడికి ఏం పెడతాం?

ఇహ కొడుకులు. వాళ్ళు చూస్తే సంతోషమే. చూసేవాళ్ళు లేరనడం లేదు. కాని కన్నవాళ్ళకి పిల్లలు తిండి పెట్టి తీరాలని ఈ దేశం 2007లో ప్రత్యేకంగా ఒక చట్టం చెయ్యాల్సి వచ్చిందన్న సంగతి మరిచిపోకండి. ప్రేమ పొంగి పొర్లుతున్నచోట ఎవరూ చట్టాలు చెయ్యరు.

"ఏం ఫరవాలేదు, నామినీగా నా పేరే రాశారు" అని ధీమాగా వుండేవాళ్ళు మరో రకం. బాంకులో నామినీ అంటే డబ్బు చేతికి పుచ్చుకునే మనిషి మాత్రమే. అది ఎవరికి చెందాలన్నది వారసత్వ చట్టం తేలుస్తుందని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. పక్కింటివారి పార్సిలు సంతకం పెట్టి తీసుకున్నంతమాత్రాన అది మనదైపోతుందా? జీవితబీమాలో మాత్రం 2015లో చట్టం మారి, నామినీ భార్యో పిల్లలో తల్లిదండ్రులో అయితే సొమ్ము మీద వాళ్ళకే హక్కు వచ్చింది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఒకటి వుంది. దానికింద భార్యాపిల్లల కోసం భర్త పాలసీ తీసుకుంటే, సామాన్యంగా ఆయన అప్పులవాళ్ళు కూడా ఆ సొమ్ము తాకలేరు. ఇంత పాత చట్టం గురించి మనలో ఎందరు విన్నారు?

కాబట్టి నామినీతోపాటు వీలునామా కూడా కావాలి. ఆయన రాయాలి, మనమూ రాయాలి. భర్తా పిల్లలూ లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే, ఆమె స్వార్జితం మీద మొదటి హక్కు ఆమె భర్త వారసులది. ఆ తరవాతే కన్న తల్లిదండ్రులది. 1956 నాటి చట్టం అలా వుంది. నచ్చలేదా? తెల్లకాగితం మీద మీ ఇష్టం రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ళచేతా సంతకాలు పెట్టించండి.

ఉద్యోగాలు చేసే అమ్మాయిలు నయమనుకుంటే, వాళ్ళదీ ఇదే భాగోతం. ఆయన జీతం ఇంటి అప్పు వాయిదాకి, ఆమె జీతం కూరగాయలకీ పిల్లల ఫీజులకీ. ఇరవైయేళ్ళు గడిచాక ఆయనకి ఇల్లు మిగులుతుంది, ఆమెకి రసీదులు మిగులుతాయి. రిజిస్ట్రేషనునాడు "నా పేరు కూడా వెయ్యండి" అనడానికి మొహమాటమట! ప్రావిడెంటు ఫండు సంగతీ అంతే. పెన్షను పథకంలో పదేళ్ళ సర్వీసు నిండితేగాని 58వ ఏట నెలనెలా పెన్షను రాదు. పెళ్ళయిందనో పురుడొచ్చిందనో ఎనిమిదో ఏట ఉద్యోగం మాని, మొత్తం తీసి సోఫాసెట్టు కొంటే ఆ సర్వీసు లెక్కలోంచి ఎగిరిపోతుంది.

చదువుకున్న మనం ఇలా వుంటే చదువులేనివాళ్ళేం చేశారో చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం తరవాత ఆ జిల్లా ఆడవాళ్ళే రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టారు. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడ తన సంఘం అప్పెంతో, వడ్డీ ఎంతో, ఎన్ని కిస్తీలు మిగిలాయో పైసలతో సహా చెబుతుంది. ఆవిడ చేత పనిచేయించుకునే మనం "ఆయన్నడగాలి" అంటాం.

"అయితే భర్తని అనుమానించమంటావా?" అని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు. రాత్రి ఇంటికి తాళం వేసుకుంటే పక్కింటివాళ్ళని అవమానించినట్టా? లెక్క అడిగితే తెగిపోయేపాటి నమ్మకమైతే, దాన్ని నమ్ముకుని ముసలితనం ఎలా గడుపుతాం? నిజంగా భార్య క్షేమం కోరే మగవాడికి ఆ లెక్క చెప్పడం భారం తగ్గించుకోవడమే అవుతుంది.

అంచేత ఈ ఆదివారం సీరియళ్ళు కాస్త పక్కన పెట్టి, ఆయన్ని ఎదురుగా కూచోబెట్టుకోండి. ఒక కాగితం మీద ఖాతాలు, డిపాజిట్లు, పాలసీలు, స్థలాల దస్తావేజులు, చీటీలు, ముఖ్యంగా అప్పులు, అన్నీ రాయించండి. కాగితాలెక్కడున్నాయో పక్కనే రాయించండి. తరవాత మీ పేరు ఎన్నిచోట్ల వుందో లెక్కపెట్టుకోండి. రేషనుకార్డులోనూ, పాత శుభలేఖలోనూ తప్ప మరెక్కడా కనపడకపోతే, మర్నాడు పొద్దున వంట కాస్త ఆలస్యమైనా సరే, ముందు బాంకుకి బయల్దేరండి.