రోగానికి పేరు పెట్టవలసినదెవరు?

"రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే" అని తెలుగు సామెత. కోరికా, చికిత్సా ఒక్కటైనప్పుడు కలిగే సంతోషాన్ని ఈ సామెత చక్కగా చెబుతుంది. అయితే రోగి పాలకు బదులు రోగం పేరునే కోరి వచ్చినప్పుడు, వైద్యుడు కూడా ఆ పేరునే చీటీపై వ్రాసి పంపినప్పుడు, ఆ సంతోషం ఎంతకాలం నిలుస్తుంది?

రూవిలో బస్ స్టేషను పరిసరాల నుండి హై స్ట్రీట్ వరకు క్లినిక్కులకూ, మందుల దుకాణాలకూ కొదవ లేదు. అక్కడికి వచ్చే తెలుగువారిలో పలువురు తమ బాధతో పాటు దాని పేరును కూడా వెంట తెచ్చుకుంటారు. ఛాతీలో మంట పుడితే 'గ్యాస్'. నాలుగు రోజులు జ్వరం వస్తే 'టైఫాయిడ్'. ఒళ్ళునొప్పులైతే 'డి విటమిన్ తక్కువ'. ఈ మూడూ లోకంలో ఉన్న బాధలే. వాటిని కాదనడం ఇక్కడి ఉద్దేశం కాదు. చిక్కంతా ఆ పేర్లు పరీక్షకు ముందే స్థిరపడిపోవడంలో ఉంది. ముందుగా పెట్టిన పేరు చాటున అసలు రోగం సులభంగా దాగిపోతుంది.

ప్రవాస జీవితం ఈ అలవాటును పెంచి పోషిస్తున్నది. ఒకే గదిలో నలుగురు కలిసి ఉండేచోట ఒకరి మందులే అందరి మందులు. సెలవు పెడితే జీతం తగ్గుతుందన్న చింత ఒకవైపు. పరీక్షలో ఏదైనా బయటపడితే ఉద్యోగానికే ముప్పు వస్తుందేమోనన్న శంక మరొకవైపు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఒక పేరు, బావగారు మరొక పేరు చెబుతారు. సెలవు నుండి తిరిగివచ్చే స్నేహితుని పెట్టెలో ఆవకాయ సీసాతో పాటు మాత్రల పొట్లం కూడా ఉంటుంది. తెలియని బాధకు తెలిసిన పేరు పెడితే భయం సగం తగ్గుతుంది. కనుక దీనిని కేవలం అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. కానీ భయం తగ్గినంత మాత్రాన ప్రమాదం తగ్గదు.

ముందుగా 'గ్యాస్' సంగతి చూడవచ్చు. నలభై ఎనిమిదేళ్ళ సూపర్‌వైజరు ఒకరిని ఊహించుకుందురు గాక. రాత్రి భోజనానంతరం ఛాతీ మధ్య బరువుగా ఉంది, చెమటలు పడుతున్నాయి. గదిలోని తమ్ముని వంటివాడు "అన్నా, అది గ్యాసే" అని సోడా తెచ్చి ఇస్తాడు. ఒక త్రేన్పు వస్తుంది, కాస్త తేలికపడినట్లుంటుంది, దీపం ఆర్పి పడుకుంటారు. ఆ త్రేన్పు ఏ విషయాన్నీ నిర్ధారించదు. గుండె నుండీ, అన్నవాహిక నుండీ బాధను మోసుకుపోయే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరుతాయి. అందువలన బాధ ఏ అవయవానిదో మెదడు స్పష్టంగా వేరుచేయలేదు. గుండెపోటులోనూ వికారం, త్రేన్పులు, పొట్ట పైభాగాన నొప్పి ఉండవచ్చు. పులుపు తగ్గించే మందు త్రాగితే నొప్పి తగ్గినంత మాత్రాన అది గుండెనొప్పి కాదని చెప్పడానికి వీలులేదు.

ఈ పొరపాటు తెలుగువారికే పరిమితమైనది కాదు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో అమెరికాలో ఇటువంటి హఠాన్మరణాలు కొన్ని 'తీవ్రమైన అజీర్ణం' అన్న పేరుతో నమోదయ్యేవి. హృదయ ధమనులలో రక్తం గడ్డకట్టినప్పుడు కనిపించే లక్షణాలను చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912లో వివరించిన తరువాత గాని ఆ 'అజీర్ణం' అసలు స్వరూపం క్రమంగా బయటపడలేదు. వైద్యశాస్త్రం వంద సంవత్సరాల క్రిందటే విడిచిపెట్టిన పేరును గదులలో నేటికీ వాడుతున్నారన్నమాట. పైగా దక్షిణాసియా వాసులకు ఈ పేరు మరింత ప్రమాదకరం. 52 దేశాలలో జరిగిన 'ఇంటర్‌హార్ట్' పరిశోధన వివరాలను విశ్లేషించి 2007లో ప్రకటించిన వ్యాసం ప్రకారం మొదటి గుండెపోటు వచ్చే సగటు వయస్సు దక్షిణాసియా వారిలో 53 సంవత్సరాలు, ఇతరులలో సుమారు 59. అంటే ఉద్యోగం, పిల్లల చదువు, ఊరిలో ఇంటి అప్పు అన్నీ భుజాన ఉన్న వయస్సులోనే ఈ ఆపద పొంచి ఉన్నది.

ఛాతీనొప్పి ప్రతిదీ గుండెపోటు కాదన్నది నిజమే. చాలామందిలో అది నిజంగానే పులుపు పైకి ఎగదన్నడం వలన కలిగే మంట. కానీ ఆ తేడాను చెప్పవలసినవి ఇ.సి.జి., ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష. సోడా సీసా కాదు. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నా, అనుమానం తీరకపోతే వైద్యులు కొంతసేపు ఉంచి మరల పరీక్షిస్తారు. బరువు, చెమట, ఆయాసం, దవడకో చేతికో ప్రాకే నొప్పి ఉన్నప్పుడు కారు తానే నడుపుకుంటూ బయలుదేరక, ఒమన్ అత్యవసర సంఖ్య 9999కు ఫోన్ చేయడమే వివేకం.

రెండవ పేరు 'టైఫాయిడ్'. ఇక్కడ పొరపాటు రోగి ఒక్కనిదే కాదు, ప్రయోగశాల కూడా దానికి ముద్ర వేస్తుంది. ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ 1896లో ప్రవేశపెట్టిన పరీక్ష నేటికీ ఆంధ్ర, తెలంగాణలలో మారుమూల పట్టణాల వరకు వాడుకలో ఉంది. టైఫాయిడ్ సూక్ష్మజీవులను రోగి రక్తరసంతో కలిపినప్పుడు అవి గుంపులుగా ముద్దకడితే, రక్తంలో వాటికి ఎదురుగా ప్రతిరక్షకాలు ఉన్నాయని అర్థం. విడాల్ కాలానికి ఇది గొప్ప ముందడుగు. అయితే ఈ పరీక్ష సూక్ష్మజీవిని చూపదు. శరీరం దానిని ఎప్పుడో ఎదుర్కొన్న జ్ఞాపకాన్ని మాత్రమే చూపుతుంది.

టైఫాయిడ్ తరచుగా వచ్చే ప్రాంతంలో పుట్టి పెరిగిన వారి రక్తంలో ఆ జ్ఞాపకం ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కొంత ఉంటుంది. మలేరియా వంటి ఇతర జ్వరాలలోనూ ఈ పరీక్ష అనుకూలంగా రావచ్చు. అటుపై నిజమైన టైఫాయిడ్‌లో మొదటి వారంలో ప్రతికూలంగానూ రావచ్చు. అందుచేతనే పది, పదునాలుగు రోజుల ఎడంతో రెండు నమూనాలు తీసి, రెండవ దానిలో ప్రతిరక్షకాలు నాలుగు రెట్లు పెరిగాయేమో చూడాలని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఆచరణలో రెండవ నమూనా తీసేవారు అరుదు. ఒక్క కాగితంపై ఒక్క అంకె చూసి 'టైఫాయిడ్' అని తేల్చడమే పరిపాటి. ఒకే మనిషికి ఏటేటా టైఫాయిడ్ వస్తున్నదన్న మాట వినిపించినప్పుడు, ఏటా వస్తున్నది రోగమా, అంకెయా అని ప్రశ్నించుకోవడం మేలు.

ఈ తప్పు పేరుకు చెల్లించే మూల్యం చిన్నది కాదు. సెలవులో పల్లెకు వెళ్ళి, పొలాలలో తిరిగి రూవికి వచ్చిన వారికి వారం, రెండు వారాల తరువాత జ్వరం రావచ్చు. అది గడ్డి, పొదలలో ఉండే అతి చిన్న పురుగు కాటు వలన వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చును. రాయలసీమతో సహా ఆంధ్ర ప్రాంతంలో ఈ వ్యాధి ఉన్నది. కాటు పడినచోట సిగరెట్టుతో కాల్చినట్లుండే నల్లని పక్కు కొందరిలో కనిపిస్తుంది. బట్టల చాటున ఉండుట వలన వెతికితే గాని కానరాదు. టైఫాయిడ్‌కు ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఈ జ్వరాన్ని తగ్గించలేవు, డాక్సీసైక్లిన్ తగ్గిస్తుంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాల 1948లో లోకానికి అందించిన ఆరియోమైసిన్ కుటుంబానికి చెందినదే ఈ మందు. ఒక తెలుగువాని నాయకత్వంలో మొదలైన మందుల వంశం చేతిలో ఉండగానే, తప్పు పేరు కారణంగా తెలుగు రోగికి అది అందకపోవడం విచారకరం.

అక్కరలేని యాంటీబయాటిక్కుల వలన కలిగే హాని మరొకటి. ఒమన్‌కు సముద్రానికి ఆవలనున్న పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, హైదరాబాదు నగరంలో, 2016 చివర మొదలైన టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్‌కు సైతం లొంగలేదు. నోటిద్వారా తీసుకొనే మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే దానిపై చెప్పుకోదగినంతగా పనిచేసింది. ఆ దేశం 2019లో పిల్లలకు వేయనారంభించిన కొత్త టీకా మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసినదే. టీకా నిజమైన టైఫాయిడ్‌ను నివారిస్తుంది గాని, కాగితంపై పుట్టిన టైఫాయిడ్‌ను నివారించలేదు. దానికి మందు బ్లడ్ కల్చర్. అదీ పరిపూర్ణమైనది కాదు. సుమారు 10 కేసులలో 6 మాత్రమే పట్టుకుంటుంది. యాంటీబయాటిక్ మ్రింగి వెళితే అదీ తగ్గుతుంది. కాబట్టి రక్తం ఇచ్చిన తరువాతనే మాత్ర వేసుకోవాలి.

మూడవది గల్ఫ్‌లో బహుళ ప్రచారం పొందిన 'డి విటమిన్ తక్కువ'. ఎండకు పుట్టినిల్లయిన మస్కట్‌లో ఈ లోపం వింతగా తోచినా, ఏ.సి. గదిలో పగలంతా గడిపేవారికి, ఒళ్ళంతా కప్పుకొనే వారికి అది రావచ్చు. నిజమైన లోపం ఎముకలను మెత్తబరుస్తుంది. అయితే ఎంత ఉంటే 'తక్కువ' అన్న గీత ఎక్కడ గీయాలన్నదే వివాదం. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఉంటే దాదాపు అందరికీ చాలునన్నది. మరుసటి సంవత్సరమే ఎండోక్రైన్ సొసైటీ 30 కావాలన్నది. ఆ రెండు గీతల మధ్య ఉన్నవారు ఏ బాధా పెరగకుండానే రోగులైపోయారు. 2024లో అదే సొసైటీ ఆ 30 గీతను విడిచిపెట్టి, ఆరోగ్యవంతులకు ఈ పరీక్షను మామూలుగా చేయనవసరం లేదని సూచించింది.

ఇక్కడ కూడా ప్రమాదం రెండు వైపులా ఉంది. వారానికొకటిగా వైద్యులు వ్రాసే 60,000 యూనిట్ల పొడి పొట్లాన్ని రోజూ త్రాగినవారికి రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అంతకంటె ముఖ్యంగా, నీరసానికి 'డి విటమిన్' అన్న పేరు దొరికిన తరువాత థైరాయిడ్ లోపాన్ని గాని, మధుమేహాన్ని గాని, నిద్రలేమిని గాని, కుటుంబానికి దూరమైన మనస్సు పడే దిగులును గాని ఎవరూ వెతకరు. దిగులుకు పొడి పొట్లం మందు కాదు.

బాధ్యత రోగిపైనే మోపడం సరికాదు. డజన్ల పరీక్షలను ఒక్క ధరకు కట్టగట్టి అమ్మే ప్రయోగశాలలు, రోగి చెప్పిన పేరును ఖండించడానికి ఓపిక లేని వైద్యులు కూడా ఇందులో భాగస్వాములే. దక్షిణ కొరియా అనుభవం ఈ సందర్భంలో స్మరణీయం. అక్కడ 1999 నుండి క్యాన్సరు పరీక్షల కార్యక్రమంతో పాటు థైరాయిడ్ స్కానింగు విరివిగా జరిగింది. 2011 నాటికి కనుగొన్న థైరాయిడ్ క్యాన్సర్లు 1993 నాటికి 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సరు మరణాలు మాత్రం మారలేదు. ఎన్నడూ హాని చేయని గడ్డలకు సైతం వేలమంది శస్త్రచికిత్స చేయించుకున్నారు. వెతికినంత మాత్రాన దొరికినదంతా రోగం కాదు.

చదువుకున్న రోగి తన శరీరం గురించి ఆలోచించకూడదా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. తప్పక ఆలోచించాలి. మధుమేహం ఉన్నవారు తమ రక్తంలో చక్కెరను తామే చూసుకోవడం వివేకం. అక్కడ పేరు ఇదివరకే పరీక్షతో నిర్ణయమైనది. నిర్ణయం కాని బాధ విషయంలో రోగి వద్ద మాత్రమే ఉన్న జ్ఞానం వేరు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తే పెరిగింది, జ్వరానికి ముందు ఏ ఊరు వెళ్ళివచ్చారు, ఇప్పటికే ఏ మాత్రలు మ్రింగారు అన్నవి రోగికి తప్ప మరెవరికీ తెలియవు. ఆ నాలుగు మాటలు దాచి, తనకు తెలియని పేరును చెప్పడం వలన వైద్యునికి ఉపయోగపడేది పోయి, అడ్డు తగిలేది మిగులుతుంది.

ప్రవాసంలో తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి సభలు జరుపుకొనడం ముదావహం. ఆ సభలలో ఒక్క అరగంట గుండెపోటు లక్షణాల గురించి, జ్వరంలో చేయించుకొనవలసిన పరీక్షల గురించి వైద్యులచే తెలుగులో చెప్పించవచ్చు. గదిలో "అన్నా, అది గ్యాసే" అనే తమ్ముడే ఆ మరునాటి నుండి "అన్నా, లేవండి, ఆసుపత్రికి వెళదాం" అనగలడు. రోగి కోరినదీ, వైద్యుడు చెప్పినదీ పాలే అయితే మంచిదే. అవి పాలా, సున్నపు నీళ్ళా అన్నది చూసి చెప్పిన తరువాతనే త్రాగడం శ్రేయస్కరం.