పిల్లలతో సింగపూర్: ఖర్చెంత, ఫలమెంత?

వేసవి సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్నకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మధ్యతరగతి ఇళ్లలో మొన్నమొన్నటి దాకా రెండు మూడే జవాబులు. తిరుపతి, పూరీ, చేతిలో కాస్త డబ్బు ఆడితే హైదరాబాద్ వెళ్లి రామోజీ ఫిల్మ్ సిటీ. ఇప్పుడు ఆ వరుసలో సింగపూర్ చేరింది. విశాఖలో స్కూట్ విమానం ఎక్కితే నాలుగు గంటల్లో అక్కడ దిగుతాం. ఆమదాలవలసలో రైలెక్కి సికింద్రాబాద్ చేరాలంటే రాత్రంతా పడుతుంది. దూరం ఇంతగా తగ్గిపోయాక సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్ గురించి పిల్లలు అడగకుండా ఉంటారా? టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, చిన్న వ్యాపారులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వస్తోంది.

ఇంట్లో మాట రెండుగా చీలుతుంది. "చిన్నతనం మళ్లీ రాదు, ఒక్కసారి చూపిద్దాం" అంటారు అమ్మానాన్నలు. "అంత డబ్బెట్టి ఏటి సూత్తార్రా? గుంటల పేర బేంకిలో ఎయ్యండి" అంటుంది నాన్నమ్మ. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే రెండు వైపులా లెక్క వేసి చూడాలి.

ముందు వెళ్దామనేవారి పక్షం. సముద్రం దాటడం ఈ తీరానికి కొత్త కాదు. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇక్కడి నుంచి వేలాది మంది రంగూన్ వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి చొచ్చుకొచ్చినప్పుడు ఎందరో కాలినడకన వెనక్కి వచ్చారు. రంగం (రంగూన్) వెళ్లొచ్చిన తాతల కథలు ఇప్పటికీ ఇక్కడి పల్లెల్లో వినిపిస్తాయి. ఇవాళ ఉద్దానం కుర్రాళ్లు సోంపేట, కవిటి, కంచిలి, మందస మండలాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కీ, సింగపూర్‌కీ వెళ్తున్నారు. తరతరాలుగా మనవాళ్లు విదేశం చూసింది కూలి కోసమే. పిల్లల చెయ్యి పట్టుకుని కేవలం సంతోషం కోసం విమానం ఎక్కగలుగుతున్నది ఈ తరమే. ఆ కోరికను ఆడంబరమని కొట్టిపారెయ్యడం తగదు.

కొన్ని ఇళ్లకు ఈ ప్రయాణం విహారాన్ని మించినది. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద పనిచేసే కార్మికుడు కుటుంబంతో అక్కడ కాపురం పెట్టలేడు, నిబంధనలు ఒప్పుకోవు. భార్యాపిల్లలు పర్యాటక వీసా మీద వెళ్లి కొన్నాళ్లు ఉండి రావచ్చు. అతను ఉండే డార్మిటరీలో వాళ్లకు చోటు ఉండదు కాబట్టి గది వేరే తీసుకోవాలి. అయినా, నాన్న ఏ ఊళ్లో చెమటోడుస్తున్నాడో పిల్లలు కళ్లారా చూస్తారు. సెలవు రోజున నాన్నతో కలిసి పార్కులో తిరుగుతారు. ఈ ఫలాన్ని రూపాయల్లో కొలవలేం.

ఇక ఖర్చు. ఇద్దరు పెద్దలు, నాలుగు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు ఇద్దరు ఉన్న కుటుంబాన్ని తీసుకుందాం. సింగపూర్ డాలరును సుమారు 70 రూపాయలుగా లెక్కేద్దాం. యూనివర్సల్ స్టూడియోస్‌లో ఒక రోజు టికెట్టు పెద్దలకు 80 డాలర్ల పైన, పిల్లలకు 60 డాలర్ల పైన ఉంటుంది. వెళ్లే రోజును బట్టి మారుతుంది. నలుగురికీ కలిపి దాదాపు 20 వేల రూపాయలు. వీసా రుసుము మనిషికి 30 డాలర్లు, అంటే నలుగురికి 8,400, ఆ పైన ఏజెంటు రుసుము. పాస్‌పోర్టులు లేకపోతే పెద్దలకు 1,500, పిల్లలకు 1,000 చొప్పున మరో ఐదు వేలు. విమానానికి రానూపోనూ మనిషికి 20 వేలనుకుంటే 80 వేలు. నాలుగు రాత్రుల గది అద్దె 35 వేల వరకు. తిండికి, రైలు బస్సులకు రోజుకు 100 డాలర్లు పెట్టుకుంటే 28 వేలు. బీమా, విశాఖ దాకా కారు, ఇంటికి తెచ్చే వస్తువులు, ఇంకో రెండు చోట్ల టికెట్లు కలిపితే మొత్తం రెండు లక్షలు దాటుతుంది. సెలవుల రద్దీలో విమానం ఛార్జీలు పెరిగితే ఇంకా పైకి పోతుంది.

ఈ పద్దులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. పార్కు టికెట్టు మొత్తం ఖర్చులో పదో వంతే. మిగతా తొమ్మిది వంతుల్లో ఎక్కువ భాగం అక్కడికి చేరడానికి, అక్కడ ఉండడానికి అయ్యేదే. కాబట్టి పార్కు టికెట్టు మీద నూరో రెండొందలో తగ్గిందని సంబరపడి లాభం లేదు. పొదుపు చెయ్యాల్సింది ప్రయాణ తేదీల్లో, బసలో. లిటిల్ ఇండియా చుట్టుపక్కల గది తీసుకుంటే సెంటోసా హోటళ్ల కంటే బాగా తక్కువలో దొరుకుతుంది, ఇడ్లీ, దోశ, అన్నం నాలుగడుగుల్లో ఉంటాయి, మెట్రో దగ్గర.

కళ్లకు ఆనని ఖర్చులు వేరే ఉన్నాయి. చౌక విమానంలో కనీస ఛార్జీకి చేతి సామాను మాత్రమే తీసుకెళ్లనిస్తారు. పెట్టెకు, భోజనానికి విడిగా కట్టాలి. క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ ధర రద్దీ రోజుల్లో టికెట్టు ధరకే పోటీ వస్తుంది. ఇంట్లో కలిపిన పులిహోర డబ్బా పార్కులోకి రానివ్వరు. మామూలు క్రెడిట్ కార్డు గీకితే విదేశీ మారకం పేరిట మూడున్నర శాతం వరకు అదనంగా పడుతుంది. టూర్ ఆపరేటరు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ అనే పన్ను వసూలు చేస్తారు. దాని రేటు బడ్జెట్లలో మారుతూ ఉంటుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే అది పన్నులో సర్దుబాటు అవుతుంది, లేదా వెనక్కి వస్తుంది. రిటర్ను వెయ్యని చిన్న వ్యాపారికి అది పోయిన డబ్బే.

ఆగుదామనేవారి పక్షం ఇక్కడే బలపడుతుంది. రెండు లక్షలంటే ఎంతోమందికి ఏడాది మిగులు. అదీ వేసవిలోనే ఖర్చు పెట్టాలి. జూన్ రెండో వారంలో బడులు తెరవగానే ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు వరస కడతాయి. మేలో సింగపూర్ తిరిగొచ్చి జూన్‌లో బంగారం తాకట్టు పెట్టే పరిస్థితి వస్తే ఆ విహారం పిల్లల చదువు మీద పడినట్టే. "ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి" అని ఊరించే వాయిదా పథకాలు ఇప్పుడు బోలెడు. నాలుగు రోజుల సంతోషానికి రెండేళ్ల వాయిదాలు కట్టడం అప్పు చేసి పప్పుకూడు తినడమే.

పిల్లల వయసు మరో అడ్డు. పెద్ద రైడ్లకు ఎత్తు నిబంధన ఖచ్చితంగా పాటిస్తారు. యూనివర్సల్‌లో బ్యాటిల్‌స్టార్ గలాక్టికా ఎక్కాలంటే 125 సెంటీమీటర్లు, రివెంజ్ ఆఫ్ ది మమ్మీకి 122, ట్రాన్స్‌ఫార్మర్స్‌కు 102 ఉండాలి. ఐదేళ్ల పిల్లవాడు వీటిలో చాలావాటిని కింద నిలబడి చూడాల్సిందే. 2025 ఫిబ్రవరిలో తెరిచిన మినియన్ ల్యాండ్ లాంటివి చిన్నపిల్లలకు నచ్చుతాయి, నిజమే. కానీ ఊహ తెలియని వయసులో తీసుకెళితే పెద్దయ్యాక పిల్లలకు ఫొటోలే మిగులుతాయి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య అయితే రైడ్లూ ఎక్కగలరు, చూసింది గుర్తూ ఉంటుంది, పిల్లల టికెట్టే సరిపోతుంది.

వాన సంగతీ చూసుకోవాలి. సింగపూర్‌లో ఏడాది పొడుగునా వానలు పడతాయి. ఉరుములు మెరుపులు వస్తే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. ఎంతో డబ్బు పోసి వెళ్లిన ఒకే ఒక్క రోజు సగం వానకు పోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యను, నాన్నమ్మను ఎండలో, ఉక్కలో పొద్దంతా నడిపించడం కూడా ఆలోచించాల్సిన విషయమే. వాళ్లను ఇంట్లో వదిలేసి వెళ్లడానికి కొన్ని కుటుంబాలకు మనసొప్పదు.

ఇంతకీ పిల్లలు అడుగుతున్నది ఏమిటి? గాల్లో గిరగిరా తిప్పే రైడ్లు, నీళ్లలో జారే బల్లలు. అవి దగ్గర్లోనే ఉన్నాయి. 2024 మేలో భువనేశ్వర్ దగ్గర, ఖుర్దా జిల్లాలో వండర్‌లా పార్కు తెరిచారు. అదే ఏడాది మొదలైన విశాఖ, భువనేశ్వర్ వందేభారత్ రైలు విజయనగరంలోనూ, శ్రీకాకుళం రోడ్‌లోనూ ఆగుతుంది. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు అక్కర్లేదు. రెండు రాత్రులు ఉండి, కోణార్క్, పూరీ కూడా చూసుకుని, నలుగురు ముప్పై వేలలో తిరిగి రావచ్చు. వెంట వస్తే తాతయ్య, నాన్నమ్మ జగన్నాథుణ్ణి దర్శించుకుంటారు. హైదరాబాద్‌లో 2016 నుంచీ వండర్‌లా ఉంది. ఇంకా దగ్గరగా చూస్తే, దసరా వెళ్లాక వచ్చే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు విజయనగరంలో రంగులరాట్నం ఎక్కిన పిల్ల ముఖంలోని వెలుగు ఏ సెంటోసాకూ తీసిపోదు.

అయితే భువనేశ్వర్‌లో దొరకనిది సింగపూర్‌లో ఒకటుంది: సింగపూర్ నగరమే. చీనీ, మలయ్, తమిళం, ఇంగ్లీషు నాలుగూ అధికార భాషలై ఒకే బోర్డు మీద కనిపించే దేశం. కాలిబాట మీద భయం లేకుండా నడిచే ముసలివాళ్లు, టైముకు వచ్చే రైలు, సామాన్యులు రోజూ తినే హాకర్ సెంటర్లు. గార్డెన్స్ బై ద బే ఆరుబయటి తోటల్లో రాత్రి జరిగే దీపాల ప్రదర్శనకు టికెట్టు లేదు. చాంగీ విమానాశ్రయం జువెల్‌లో 40 మీటర్ల ఎత్తు నుంచి దూకే లోపలి జలపాతానికీ, మెర్‌లయన్ విగ్రహానికీ టికెట్టు లేదు. సెంటోసాకు నడకదారిన వెళ్తే రైలు ఖర్చు కూడా ఉండదు. ఊరు ఇలా కూడా ఉండవచ్చని పన్నెండేళ్ల పిల్ల తెలుసుకుంటే, తిరిగొచ్చాక మన వీధి కాలువను వేరే కళ్లతో చూస్తుంది. ఆ చూపు కోసమైతే రెండు లక్షలు ఎక్కువ కాదు.

హాంకాంగ్, టోక్యోల్లో డిస్నీల్యాండ్‌లు ఉన్నాయి కదా అని కొందరంటారు. ఉన్నాయి, కానీ విశాఖ నుంచి విమానం మారి వెళ్లాలి, ఖర్చూ అలసటా పెరుగుతాయి. మొదటిసారి విదేశం వెళ్లే కుటుంబానికి నేరుగా విమానం ఉన్న చోటే మేలు. తొందరా అక్కర్లేదు. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురం అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం విజయనగరం జిల్లాలోనే ఉంది. విదేశీ విమానాలు అక్కడి నుంచి నడిస్తే శ్రీకాకుళం వాళ్లకు విశాఖ ట్రాఫిక్ దాటే బాధ తప్పుతుంది. పిల్లలు చిన్నవాళ్లయితే రెండేళ్లు ఆగడం వల్ల పోయేదేమీ లేదు. ఆలోగా డబ్బూ కూడుతుంది, ఎత్తూ పెరుగుతారు.

రెండు పక్షాలూ విన్నాక నా తీర్పు ఇది. రైడ్ల కోసమే అయితే సింగపూర్ వద్దు, భువనేశ్వర్ చాలు. పరాయి దేశం, పరాయి ఊరు చూపించడం కోసం అయితే వెళ్లండి. కానీ మూడు షరతుల మీద. మొత్తం ఖర్చు ముందే కూడబెట్టి ఉండాలి, ఒక్క రూపాయి కూడా అప్పు కాకూడదు. జూన్ ఫీజులు విడిగా పక్కన పెట్టి ఉండాలి. పిల్లలకు ఎనిమిదేళ్లు నిండి ఉండాలి. వెళ్లిన నాలుగు రోజుల్లో పార్కుకు ఒక్క రోజే ఇచ్చి, మిగతా మూడూ నగరంలో కాలినడకన తిరగండి.

నెలకు ఎనిమిది వేల చొప్పున బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే సుమారు రెండేళ్లలో ఈ ప్రయాణానికి డబ్బు సిద్ధమవుతుంది. ఆ పాస్‌బుక్ పిల్లల చేతికే ఇవ్వండి, ప్రతి నెలా వాళ్లతోనే లెక్క రాయించండి. అంత మొత్తం మిగలని ఇళ్లలో అమ్మానాన్నలు మనసు కష్టపెట్టుకోవద్దు. ఈ వేసవికి భువనేశ్వర్ టికెట్లు తీయండి, నాన్నమ్మనూ వెంట తీసుకెళ్లండి.