సబ్బుపొరకు ముడత పడుతుందా?

పిల్లలూ! బొప్పాయి కాడతో సబ్బు బుడగలు వూదనివారు మీలో ఎవరూ వుండరు. ఈసారి కాడ వద్దు. ఒక తీగను గుండ్రంగా చుట్టి, ఆ చుట్టును కొంచెం మెలిపెట్టి, సబ్బునీళ్ళలో ముంచి తీయండి. తీగ ఎంత వంకర తిరిగినా, దానికి పట్టిన పొర మాత్రం నున్నగానే వుంటుంది.

నేను బడిలో వున్న రోజుల్లో ఇది చూపిస్తుంటే ఒక అమ్మాయి లేచి, "మేష్టారూ! ఎంత చిన్నచోట చూసినా దీనిలో ముడత గాని, మొన గాని వుండదని ఎట్లా చెప్పగలం?" అన్నది. "కంటికి కనబడటం లేదుగా, కూర్చో!" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

సబ్బుపొర తన వైశాల్యాన్ని వీలైనంత తగ్గించుకుంటుంది. అందుచేత దానిలో ప్రతిచోటా, ఒక దిక్కున ఎంత పైకి వంగితే, అడ్డదిక్కున అంతే కిందికి వంగుతుంది, గుర్రపు జీను లాగా. దీన్ని సమీకరణంగా రాయవచ్చు. కాని అది మొండిది! సులభమైన సమీకరణాలలో రెండు జవాబులను కూడితే మరో జవాబు వస్తుంది. దీనిలో అట్లా రాదు. అందుకని లెక్కకు తోడుగా రేఖాగణితాన్ని పిలిచారు.

పొర మీద ఒక బిందువును పదింతలు, వెయ్యింతలు, కోటి ఇంతలు పెద్దది చేసి చూస్తున్నట్టు వూహించండి. (నిజం పొరలో అణువులు అడ్డువస్తాయి, వూహలోని పొరకు ఆ చిక్కు లేదు.) వైశాల్యం అతి తక్కువగా వుండే పొరలో ఒక ముక్క దాదాపు బల్లపరుపుగా వుంటే, దాని లోపలి చిన్న ముక్క ఇంకా బల్లపరుపుగా వుంటుందని 1961లో ఇటలీ గణితజ్ఞుడు ఎన్నియో డి జార్జి నిరూపించాడు. లోపలికి పోయినకొద్దీ ఇదే వరస. ఇక ముడతకు చోటెక్కడ?

మరి పొరలు ఒకదానితో ఒకటి అతుక్కునే చోట్ల మాటేమిటి? బెల్జియం శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లేటో 1873లో ప్రచురించిన గ్రంథంలో, అతుకులు రెండే రకాలన్నాడు. మూడు పొరలు 120 డిగ్రీల కోణాలతో ఒక గీత వెంట కలుస్తాయి. అటువంటి గీతలు నాలుగు, సుమారు 109½ డిగ్రీల కోణాలతో ఒక బిందువు వద్ద కలుస్తాయి. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఆయనకు చూపు లేదు! ఇతరులు చట్రాలు ముంచి, చూసి చెబుతుంటే తాను తేల్చుకున్నాడు. వేరే రకం అతుకు వుండనే వుండదని 1976లో అమెరికా గణితజ్ఞురాలు జీన్ టేలర్ నిరూపించింది. ఆమె సాధనమూ ఆ వూహలోని భూతద్దమే. ఆ అమ్మాయికి నేను చెప్పవలసిన జవాబు ఇదీ.

ఆరు సమానమైన తీగముక్కలతో నాలుగు మూలల చట్రం కట్టి ముంచి చూడండి. ఆరు పొరలు నట్టనడుమ ఒక బిందువు వద్ద కలుస్తాయి. అక్కడ బుడగ చిక్కుకుంటే, పొడి పుల్లతో పొడవండి.